కల్లు లొట్టిలో జత వెతుక్కునే కణాలు

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ఏజెన్సీ పల్లెల్లో తాటి, జీలుగు గెలలకు కట్టిన లొట్టిలోకి దిగే తియ్యని నీరు కొద్ది గంటల్లోనే నురగ కట్టి కల్లు కావడానికి ముఖ్య కారణం ఈస్ట్ అనే ఏకకణ శిలీంధ్రం. లొట్టి లోపలి గోడకు సున్నం పూస్తే పులియడం మందగించి ఆ నీరు నీరాగా నిలుస్తుందని గీత కార్మికులకు తరతరాలుగా తెలుసు. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే పనివల్లనే లోకానికి పరిచయమైన ఈ జీవికి కళ్లూ ముక్కూ లేకపోయినా తన జతను గుర్తుపట్టే నేర్పు ఉంది, శాస్త్రవేత్తలను దశాబ్దాలుగా ఆకట్టుకున్నది ఆ నేర్పే.

కల్లులో ఈస్ట్ కణాలు చాలావరకు మొగ్గ తొడిగి పెరుగుతాయి గాని, తిండి కరవైనప్పుడు ఒక్కొక్క కణంలో నాలుగు సిద్ధబీజాలు ఏర్పడతాయి. వాటిలో రెండు ‘ఎ’ రకానివి, రెండు ‘ఆల్ఫా’ రకానివి. మళ్లీ తిండి దొరికి అవి మొలకెత్తినప్పుడు ‘ఎ’ కణం ‘ఆల్ఫా’ కణంతోనే కలుస్తుంది. ఇందుకోసం ప్రతి కణమూ ఫెరోమోన్‌ను, అంటే తన జాతిలోని మరో జీవికి సందేశం మోసే పదార్థాన్ని, బయటికి వదులుతుంది. ఆల్ఫా కణం వదిలేది ప్రోటీన్లకు మూల ఘటకాలైన అమైనో ఆమ్లాలు 13 చేరిన చిన్న గొలుసు.

ఆ గొలుసును అందుకునే గ్రాహకం పేరు స్టె2. 431 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ ‘ఎ’ కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటి, బయటి వైపున ఒక గుంటను ఏర్పరుస్తుంది. మధ్యలో వంపు తిరిగిన ఫెరోమోన్ ఆ గుంటలో కూర్చున్నప్పుడు దాని తోక గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, సందేశం పలికే పని మాత్రం తల భాగానిది. తల చివరి ట్రిప్టోఫాన్‌ను తొలగించి, ఇంకొక చోట చిన్న మార్పు చేసిన గొలుసు గుంటలో చేరినా కణంలో చలనం కలిగించదు, పైగా అసలు ఫెరోమోన్‌కు చోటివ్వకుండా అడ్డుపడుతుంది. పట్టుకోవడం, కదిలించడం వేరువేరు పనులన్న ఈ సంగతి మందుల తయారీకి ఎంతో విలువైనది, ఎందుకంటే మన గుండెలో అడ్రినలిన్‌ను గుర్తించే గ్రాహకాలు కూడా పొరను ఏడుసార్లు దాటే ఈ కట్టడానివే. స్టె2 గ్రాహకాలు రెండేసి జతగా ఉండి, ఒక్కొక్కటి ఒక్కొక్క ఫెరోమోన్‌ను పట్టుకోవడం అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది.

తల తగిలిన వెంటనే గ్రాహకం లోపలి కొస కదిలి, పొర అడుగున ఉండే జి ప్రోటీన్‌ను విడదీస్తుంది. అక్కడి నుంచి వరుసగా ఒక ఎంజైమ్ మరొక ఎంజైమ్‌ను మేల్కొలపగా కణం విభజన ఆపి, ఫెరోమోన్ దట్టంగా ఉన్న వైపుకు మూతి సాచినట్టు పెరుగుతుంది. ఏ వైపు దట్టంగా ఉందో తేల్చుకోవడం తేలిక కాదు, చుట్టూ ఫెరోమోన్ పేరుకుపోతే దిక్కు తెలియదు. అందుకే ‘ఎ’ కణం బార్1 అనే ఎంజైమ్‌ను కూడా వెలుపలికి వదిలి, తనను పిలిచే ఆ గొలుసులనే ఎప్పటికప్పుడు తెగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లోపించిన కణాలు అతి కొద్ది ఫెరోమోన్‌కే స్పందించి, దగ్గరలోనే ఉన్న జత ఏ వైపుందో పోల్చుకోలేక తడబడతాయి.