ఆకాశంలో కదలకుండా నిలబడే లైట్లు: డ్రోన్లా, విమానాలా? ఫోన్‌తోనే తేల్చేయొచ్చు

ఈరోజు ఎపిసోడ్ ఒక హెలికాప్టర్‌తో మొదలుపెడదాం.

2024 నవంబర్ 26 రాత్రి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, సోమర్‌సెట్ కౌంటీ. రోడ్డు ప్రమాదంలో ఒకరికి బాగా దెబ్బలు తగిలాయి. త్వరగా ఆస్పత్రికి చేర్చాలని మెడికల్ హెలికాప్టర్‌ని పిలిచారు. కానీ అది దిగాల్సిన చోట, పైన డ్రోన్లు ఆగి ఉన్నాయని కింద ఉన్నవాళ్లు చెప్పారు. దాంతో హెలికాప్టర్ దిగలేదు.

తర్వాత బయటికొచ్చిన పత్రాల్లో, అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ ఏం తేల్చిందో తెలుసా? అక్కడ ఉన్నవి డ్రోన్లు కావు. న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌లో దిగడానికి వస్తున్న 3 మామూలు విమానాలు. అవి చూసేవాళ్ల వైపే నేరుగా వస్తున్నాయి కాబట్టి, గాల్లో ఆగి నిలబడినట్టు కనిపించాయి. అంతే.

"విమానాన్ని కూడా గుర్తుపట్టలేరా?" అని మీకు అనిపించొచ్చు. కానీ రాత్రిపూట ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. ముందు న్యూజెర్సీలో అసలేం జరిగిందో చూద్దాం.

ఆ ఏడాది నవంబర్ మధ్యలో, పికటినీ ఆర్సెనల్ అనే సైనిక స్థావరం పరిసరాల్లో డ్రోన్లు కనిపిస్తున్నాయని వార్తలు మొదలయ్యాయి. మనవాళ్లు చాలామంది ఉండే ఎడిసన్, జెర్సీ సిటీ కూడా ఆ రాష్ట్రంలోనివే. అందుకే ఆ వీడియోలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. వార్త పాకగానే జనం రాత్రిళ్లు బయటికొచ్చి పైకి చూడడం మొదలుపెట్టారు. చూసేవాళ్లు పెరిగితే కనిపించేవీ పెరుగుతాయి కదా! కొన్ని వారాల్లోనే ఎఫ్‌బీఐకి 5,000కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో లోతుగా పరిశీలించాల్సినవి సుమారు 100 మాత్రమే.

డిసెంబర్ 16న ఎఫ్‌బీఐ, రక్షణ శాఖ, హోంల్యాండ్ సెక్యూరిటీ, విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. జనం చూసినవాటిలో అనుమతితో ఎగిరే డ్రోన్లు ఉన్నాయి, విమానాలు ఉన్నాయి, హెలికాప్టర్లు ఉన్నాయి, చివరికి నక్షత్రాలు కూడా ఉన్నాయి అని చెప్పాయి. అంటే డ్రోన్లు అసలు లేనే లేవని ఎవరూ అనలేదు. గుర్తుపెట్టుకోండి, ఇది ముఖ్యం.

చదువుకున్నవాళ్లు, పదవుల్లో ఉన్నవాళ్లు కూడా ఇందులో పడ్డారు. న్యూజెర్సీ సెనేటర్ ఆండీ కిమ్ ఒక రాత్రి పోలీసులతో కలిసి వెళ్లి, కనిపించిన లైట్లని వీడియో తీసి పోస్ట్ చేశారు. తర్వాత పైలట్ల సాయంతో, ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌తో సరిచూసి, తనకి చూపించినవాటిలో ఎక్కువ శాతం విమానాలేనని ఆయనే చెప్పారు. నాకైతే ఈ కథ మొత్తంలో నచ్చిన పని ఇదే. మేరీల్యాండ్ మాజీ గవర్నర్ ల్యారీ హోగన్ తన ఇంటి మీద డ్రోన్లు అంటూ పెట్టిన వీడియోలో ఉన్నవి నక్షత్రాలు. ఓరియన్, అదే మన మృగశిర దగ్గర కనిపించే నక్షత్రాల గుంపు.

విమానం ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది?

ఎప్పుడైనా రాత్రిపూట చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ చివర నిలబడి రైలు కోసం చూశారా? పట్టాలు తిన్నగా ఉంటే, దూరంగా ఇంజిన్ లైట్ కనిపిస్తుంది. నిమిషాలు గడుస్తున్నా అది కదలదు. అక్కడే ఆగిపోయిందేమో అనుకుంటాం. కాస్త కాస్త వెలుగు మాత్రం పెరుగుతుంది. తర్వాత ఒక్కసారిగా దడదడమని మన ముందుకొచ్చేస్తుంది. విమానం కూడా అంతే. కాకపోతే పట్టాలు ఆకాశంలో ఉన్నాయి.

పెద్ద విమానం దిగేటప్పుడు సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. వేగం గంటకి సుమారు 260 కిలోమీటర్లు. 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి, రన్‌వే చేరడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. మీరు ఆ దారికి ఎదురుగా, రన్‌వే దగ్గర్లో నిలబడితే, ఆ 7 నిమిషాల్లో ఎక్కువసేపు ఆ లైట్ ఆకాశంలో ఒకేచోట ఉంటుంది. వెనకాలే ఇంకో రెండు విమానాలు వస్తుంటే, మూడు లైట్లు వరస కట్టి నిలబడినట్టే ఉంటుంది.

"మరి వెలుగు టక్కున మాయమైంది కదా?" అంటారా. ల్యాండింగ్ లైట్ కారు హెడ్‌లైట్ లాంటిది. ముందుకే కొడుతుంది. విమానం కొంచెం మలుపు తిరిగితే చాలు, మనకి ఆరిపోయినట్టే.

"సౌండ్ లేదు కదా?" శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం మోత మన దగ్గరికి రావడానికి అర నిమిషం పడుతుంది. వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది కూడా.

"చిన్నగా, దగ్గరగా ఉంది కదా?" చీకట్లో ఒక చుక్క వెలుగుని చూసి అది ఎంత పెద్దదో, ఎంత దూరమో మన కన్ను చెప్పలేదు. పక్కన చెట్టో, ఇల్లో ఉంటేనే పోల్చుకోగలం. ఆకాశంలో పోల్చుకోవడానికి ఏముంటుంది?

ఇక ఫోన్ కెమెరా. చీకట్లో చిన్న చుక్క మీద ఆటోఫోకస్ కుదరదు. ఫోకస్ తప్పిన చుక్క గుండ్రంగా ఉబ్బి, మెరిసే బంతిలా కనిపిస్తుంది. జూమ్ పెంచినకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి, లైట్ అడ్డదిడ్డంగా పరిగెడుతున్నట్టు ఉంటుంది. వైరల్ వీడియోల్లో కనిపించే "వింత గోళాలు" చాలావరకు ఇలా పుట్టినవే.

ఇప్పుడు మీరే చెక్ చేయండి

ఒకటి. లైట్‌ని కరెంటు స్తంభానికో, డాబా అంచుకో ఆనించి చూడండి. నిజంగా కదులుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది. చీకట్లో ఒకే చుక్కని చాలాసేపు చూస్తే, అది కదలకపోయినా కదిలినట్టు అనిపిస్తుంది.

రెండు. రంగులు చూడండి. విమానానికి ఎడమ రెక్క చివర ఎర్ర లైట్, కుడి రెక్క చివర పచ్చ లైట్, తోక దగ్గర తెల్ల లైట్ ఉంటాయి. వీటికి తోడు మెరుస్తూ ఆరే లైట్లు. మీకు కుడి పక్కన ఎరుపు, ఎడమ పక్కన పచ్చ కనిపిస్తే అది మీ వైపే వస్తోందని అర్థం.

మూడు. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్ తెరవండి. చాలా విమానాలు తాము ఎక్కడున్నాయో రేడియో సిగ్నల్‌గా పంపుతూనే ఉంటాయి. ఆ యాప్ దాన్నే మ్యాప్ మీద చూపిస్తుంది. మీ చుట్టుపక్కలే కాదు, మీరు చూస్తున్న దిక్కులో 30, 40 కిలోమీటర్ల దాకా మ్యాప్‌ని జరిపి చూడండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నెత్తి మీద ఏమీ లేదు కాబట్టి విమానం కాదు అనేసుకుంటారు. ఇంకో మాట, సైనిక విమానాలు యాప్‌లో కనిపించకపోవచ్చు. హైదరాబాద్‌లో దుండిగల్, హకీంపేట వైపు ఉండేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నాలుగు. గంట తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంటే అది గ్రహమో, నక్షత్రమో. న్యూజెర్సీ గొడవ జరిగిన డిసెంబర్‌లో సాయంత్రం పడమట శుక్రుడు, రాత్రంతా గురుడు బాగా వెలుగుతూ కనిపించాయి.

ఈ నాలుగూ చేశాక కూడా తేలకపోతే వీడియో, టైమ్, దిక్కు రాసుకుని 112కి చెప్పండి. విమానాశ్రయాల దగ్గర నిజంగా డ్రోన్ ఎగిరితే అది చాలా ప్రమాదం. కాబట్టి అన్నీ కొట్టిపారేయమని నేను అనట్లేదు. చూసి చెప్పమంటున్నాను.

పొరపాటు పడితే పోయేదేంటి?

న్యూజెర్సీలో కొందరు "డ్రోన్" అనుకుని లేజర్ లైట్లు కొట్టారు. అవి తగిలింది విమానాలు నడుపుతున్న పైలట్ల కళ్లకి. ఎఫ్‌బీఐ ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది. లేజర్ చేతిలో చిన్న చుక్కే, కానీ దూరం వెళ్లేకొద్దీ విస్తరించి కాక్‌పిట్ అద్దమంతా నిండిపోతుంది. సరిగ్గా దిగే సమయంలో పైలట్‌కి ఏమీ కనిపించకపోతే? లోపల ఉన్నవాళ్ల సంగతేంటి? అక్కడ దీనికి 5 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

మన దేశంలోనూ చూశాం. 2025లో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో, దొంగలు డ్రోన్లతో ఇళ్లు చూసుకుంటున్నారని పుకారు లేచింది. ముజఫర్‌నగర్‌లో పావురాలకి ఎర్ర, పచ్చ లైట్లు కట్టి వదిలిన ఇద్దరిని పోలీసులు పట్టుకున్నారు. కానీ భయం ఆగలేదు. అక్టోబర్‌లో రాయ్‌బరేలీ జిల్లాలో, దొంగ అన్న అనుమానంతో ఒక మనిషిని జనం కొట్టి చంపేశారు.

లైట్ ఎవరికీ హాని చేయలేదు ఫ్రెండ్స్. అదేంటో తెలియకముందే మనం చేసిన పని హాని చేసింది. వీడియో ఫార్వర్డ్ చేయడానికి 2 సెకన్లు చాలు, యాప్ తెరిచి చూడడానికి 2 నిమిషాలు పడుతుంది. ఆ 2 నిమిషాలు ఆగండి చాలు.

మీ ఊళ్లో ఇలాంటి లైట్ కనిపిస్తే టైమ్, దిక్కు కామెంట్‌లో పెట్టండి, కలిసి తేలుద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.