రెడీమేడ్ జాకెట్టూ... మా ఇంటి కంప్యూటరూ

"కొనుడెందుకు చిన్నమ్మా? సామాన్లు తెస్త, ఇంట్లనే బిగిద్దాం" అన్నాడు మా అక్క కొడుకు ఫోన్లో.

"ఎందుకా లొల్లి? కంపెనీది తెచ్చి పెట్టుకుంటే అయిపాయె గదా!" అన్నారు మా వారు ఇవతల నుంచి.

మధ్యలో నేను. చేతిలో చిట్టీ ఎత్తుకున్న యాభై వేలు.

సంగతేమిటంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. మా పాత కంప్యూటర్‌కి 11 ఎక్కదు. ఇంటెల్ వాటిలో అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆ తర్వాతదో ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ ఉండాలి. మాది నాలుగో తరం. పైగా దానికో కథ ఉంది.

2014లో కొన్నామది, అసెంబుల్డ్. ఆ రోజు షాపులో నేనడిగినవి రెండే ప్రశ్నలు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎన్ని జీబీలు! అక్కడికి నాకేదో చాలా తెలిసినట్టు. ఏడాది తిరక్కముందే ఓ వానాకాలం రాత్రి కరెంటు పోయి వచ్చింది, లోపల 'ఠప్'మంది. కాలింది ఎస్‌ఎంపీఎస్. పోతూ పోతూ మదర్‌బోర్డునీ వెంటబెట్టుకు పోయింది. షాపుకెళితే "బిల్లేదమ్మా?" అన్నాడాయన. మా దగ్గరున్నది తెల్లకాగితం మీద మొత్తం వేసిచ్చిన చీటీ. అంతే సంగతులు! సెకండ్‌హ్యాండ్ బోర్డు వేయించి ఇన్నేళ్లూ లాక్కొచ్చాం. సగం టైపు చేసిన నా కథలు హార్డ్‌డిస్కులో భద్రంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ షాపాయన మీదే ఓ కథ రాసేదాన్ని.

ఎస్‌ఎంపీఎస్ అంటే మరేం కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచే డబ్బా. దీన్ని మన భాషలో చెప్పాలంటే జాకెట్టుకు లైనింగు లాంటిది. పట్టుబట్ట మీద వేలు పోస్తాం, లైనింగు దగ్గర ఇరవై రూపాయలు మిగుల్చుకుంటాం. మొదటి ఉతుకుకే ఆ లైనింగు ముడుచుకుపోయి పైబట్టను కూడా గుంజి పాడుచేస్తుంది. చవక కేబినెట్‌తో పాటు 'ఫ్రీ'గా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌దీ అదే తంతు. మీద 450 వాట్లని రాసి ఉంటుంది, అంత మోస్తుందన్న భరోసా ఉండదు. దాని సంగతి కొనేవాళ్లు అడగరు కాబట్టి అమ్మేవాళ్లు మిగుల్చుకునేదీ అక్కడే. మాలాగా వానొస్తే కరెంటు పోయి, మోటర్లు ఆన్ అయితే వోల్టేజీ పడిపోయే ఊళ్లవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే.

ఇంత జరిగాక మళ్లీ అసెంబుల్డ్ ఏమిటని మా వారి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కంపెనీ డెస్క్‌టాప్‌కి ఒకటే బిల్లు, ఒకటే వారంటీ, ఒకటే ఫోన్ నంబరు. విండోస్ లైసెన్సుతో సహా వచ్చేవే ఎక్కువ. చెడిపోతే మనిషే ఇంటికొస్తాడు.

ఇంటికా? ఏ ఇంటికి? అక్కడే పట్టుకున్నాను నేను. కరీంనగర్‌లో ఒక షోరూంకి వెళ్లినప్పుడు మా చందుర్తి పిన్‌కోడ్ చెప్పి, "మా ఊరికి వస్తరా?" అని అడిగాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి "కనుక్కొని చెప్త మేడమ్" అన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు. మీరూ కొనేముందు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. వారంటీ ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది కూడా కాగితం మీద చూడండి, మోడల్‌ని బట్టి మారుతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, కొన్ని కంపెనీ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు వాళ్ల సొంత కొలతలతో ఉంటాయి. వారంటీ అయిపోయాక బజారులో దొరికేవి వాటికి నప్పవు.

అసలు తలో కంపెనీ సామాను తెచ్చి బిగిస్తే పనిచేయడం ఏమిటని నాకు మొదటినుంచీ వింతే. దానికి కారణం 1981లో ఐబీఎం తెచ్చిన పీసీ అట. తొందరగా బజారులోకి తేవాలని వాళ్లు ఇంటెల్ ప్రాసెసర్, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్... ఇలా బయటివాళ్ల దగ్గరే తీసుకున్నారు. ఆ దారినే మిగతావాళ్లూ అలాంటివి చేశారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతలు తెచ్చింది. అందుకే ఇవాళ ఒకరి బోర్డు ఇంకొకరి కేబినెట్లో సరిగ్గా కూర్చుంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తుల నిండా షాపులు నడుస్తున్నది ఈ ధర్మాన్నే!

మా వాడు దసరా సెలవుల్లో అక్కడినుంచే లెక్క రాయించి పంపాడు. కంపెనీదాని కన్నా కొంత తక్కువే. చూద్దాం, చేద్దాం అంటూ నెలలు గడిపాం. ఈలోగా ర్యామ్ ధర భగ్గుమంది! కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు మళ్లిపోవడంతో మనలాంటివాళ్లకు కరువొచ్చింది. మైక్రాన్ కంపెనీ అయితే 'క్రూషియల్' పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానుకుంటున్నామని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. దసరానాటి చీటీలో 16 జీబీ ర్యామ్ వరస డిసెంబర్ చీటీలో చూస్తే నాకు కళ్లు తిరిగాయి. విడిభాగాల్లో ఉన్న చిక్కే ఇది. ఏ రోజు ధర ఆ రోజుదే. షోరూంలో పాత సరుకు పాత ధరకే కొన్నాళ్లు దొరుకుతుంది.

"చెప్తే విన్నవా?" అన్నారు మా వారు. ఆ క్షణాన కంపెనీదే కొనేద్దామనుకున్నాను కూడా.

దారి మా వాడే చూపించాడు. "బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండుంటయి చిన్నమ్మా. ఇప్పుడు 8 జీబీది ఒక్కటే పెడుదాం. ఇంకోటి ఖాళీగ ఉండనీ, ధర దిగినంక ఏస్కో" అన్నాడు. కథలు టైపు చేసుకోవడానికీ, మా పిల్లాడి చదువుకూ 8 సరిపోతుంది. మానిటర్ పాతదే. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో బొమ్మ చూపించే ఏర్పాటు ఉండదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాల్సిందే. ఒక షాపువాళ్లు చవకగా రాసిచ్చింది అదే! అలాగే డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ దూరదు.

అలా మిగిలిన డబ్బు పేరున్న ఎస్‌ఎంపీఎస్‌కీ, యూపీఎస్‌కీ పెట్టాను. ఈసారి ప్రతిదానికీ జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు.

సంక్రాంతికి వచ్చాడు అట్టపెట్టెలతో. భోజనాల బల్ల మీద దుకాణం పెట్టాం. "నువ్వే బిగియ్యి, నేను చెప్త" అని స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. ముందు కేబినెట్ ఇనుము ముట్టుకోవాలట, ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పులకు తగలకుండా. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం గుర్తు, బోర్డు మీది గుర్తు కలిపి నెమ్మదిగా దించాలి. నొక్కకూడదు. ర్యామ్‌ని మాత్రం 'టక్'మనేదాకా నొక్కాలి, నాకు గుండె ఝల్లుమంది. అన్నిటికన్నా విసిగించింది పవర్ బటన్ వైర్లు. సూదిలో దారం ఎక్కించడమే నయం.

రెండు గంటల తర్వాత బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు. మా వారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది. విప్పి చూస్తే ప్రాసెసర్‌కి విడిగా ఇవ్వాల్సిన కరెంటు వైరు పెట్టడం మరిచిపోయాను! పెట్టగానే తెర వెలిగింది. "అచ్చిందే!" అని అరిచింది మా అత్తమ్మ, టీవీ వచ్చిందనుకుని.

విండోస్‌ని ఊరికే వేసిస్తామన్న షాపులున్నాయి. దొంగ కాపీ వద్దనుకున్నాను. లైసెన్సు కొనేదాకా ఉబుంటు, లిబ్రే ఆఫీస్ వేయించాను, రెండూ ఉచితం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు హాయిగా పడుతోంది.

అలాగని అందరినీ బిగించుకోమనను. తెలిసిన మనిషి అందుబాటులో లేకపోయినా, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతూ ఒక్క రోజు మిషన్ ఆగినా నష్టపోయేవాళ్లయినా, ఇంటికొచ్చే వారంటీ ఉన్న కంపెనీదే మేలు. మాకు ఏ భాగం చెడినా అది పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. ప్రాసెసర్‌కి మూడేళ్లు, ఎస్‌ఎస్‌డీకి ఐదేళ్లు... ఒక్కోదాని గడువు ఒక్కోటి. ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి, బిల్లులతో కలిపి కవర్లో పెట్టి, పట్టాదారు పాసుపుస్తకం పక్కన బీరువాలో దాచాను.

అత్తమ్మ మిగిలిన చీరముక్కతో దానికో గలేబు కుట్టింది. నడుస్తున్నప్పుడు కప్పొద్దు, గాలాడదు అంటే వినదు. రెండో స్లాటు ఇంకా ఖాళీగానే ఉంది.