తూనీగ కన్ను

చీకటిగదిలో గోడమీద అరచేతిని ఒక్క నిమిషముసేపు ఆనించి తీసివేసినయెడల, మన కంటికి ఆ గోడ మునుపటి గోడయే. కాని ఉష్ణకిరణములను చూడగల థర్మల్ కెమెరాతో చూచినచో, ఐదువేళ్లతోడి తెల్లని ముద్ర యొకటి అచ్చట వెలుగుచు, క్రమక్రమముగా మసకబారి, కొంతతడవునకు గోడలో లీనమైపోవును. చేయి వెడలిపోయినను చేతి వేడిమి అచ్చట నిలిచియుండుటయే దీనికి కారణము. అదే కెమెరాకు, నిర్మలమైన కిటికీ అద్దమున కావల నిలిచిన మనుష్యుడు కనబడడు. ఏలయన మన చూపునకు అడ్డుపడని గాజు ఆ కిరణములకు గోడవంటిది. మనకు నిగనిగలాడు లోహపుబిళ్లవలె తోచి, వెలుతురును ఆవలికి పోనీయని జెర్మేనియమే ఆ కెమెరాకు కటకము.

ఈ వింతకు మూలమైన ధర్మము సులభమైనదే. ప్రతి వస్తువును తన వేడిమికి తగిన కిరణములను ఎల్లప్పుడును వెలువరించుచుండును. సూర్యునంత వేడియైన వస్తువునుండి వచ్చునవి మనకు కాంతియగును. 37 డిగ్రీల మనుష్యశరీరమునుండి వచ్చువాని తరంగదైర్ఘ్యము 9, 10 మైక్రానుల చెంత నుండుటచే, ఒక మైక్రానునకు లోపలి తరంగములనే యెరిగిన మన కన్నులకు అవి లేనట్లే. అయినను 8 మొదలు 14 మైక్రానుల వరకు గల కిరణములను వాయుమండలము అంతగా మ్రింగక పోనిచ్చును గనుక, అమావాస్య అర్ధరాత్రమున సరిహద్దు దాటి వచ్చువాడు దీపము లేకున్నను తన వేడిమిచేతనే బయటపడును.

ఈ కిరణములను మొట్టమొదట పట్టుకొన్నవాడు, ఒకప్పుడు సంగీతము నేర్పి జీవించి, ఇంటియందే దర్పణములను సానబట్టుకొని, 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్న విలియం హెర్షెల్. 1800లో ఆయన సూర్యకాంతిని పట్టకముగుండ పోనిచ్చి, విడివడిన రంగులలో మసిపూసిన బుడ్డిగల ఉష్ణమాపకమును ఒక్కొక్కచోట నిలిపి చూడగా, ఊదానుండి ఎరుపునకు పోవుకొలది వేడిమి హెచ్చినది. ఎరుపును దాటి, ఏ రంగును లేని చోట నిలిపినప్పుడు అది మరింత హెచ్చినది. కనబడని వెలుగొకటి గలదని లోకమునకు తెలిసిన దిన మదియే.

ఎనుబదేండ్ల పిమ్మట అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ ఆ ఉష్ణమాపకమునకు ప్రతిగా మసిపూసిన సన్నని ప్లాటినము రేకులను గైకొనెను. వేడి సోకినచో లోహమునందలి విద్యున్నిరోధము మారును. ఒక రేకును కిరణముల కొడ్డి, మరియొకదానిని నీడలో దాచి, రెంటి భేదమును కొలిచిన ఆ బొలోమీటరు డిగ్రీలో లక్షవ వంతు మార్పునైనను పసిగట్టెను. పావుమైలు దూరమున నిలిచిన ఆవు వేడిమిని అది గుర్తించినదని నేటికిని చెప్పుకొందురు.

ఆవు ఉన్నదని తెలియుట వేరు, ఆవు రూపము కనబడుట వేరు. రూపము కావలెనన్న అట్టి రేకులు వేలసంఖ్యలో ఒక్కచోట చేరవలెను. 1959లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు పాదరసము, కాడ్మియము, టెల్లూరియముల మిశ్రమముతో సూక్ష్మగ్రాహియైన పదార్థమును చేసిరి గాని, దానిని సున్నకు దిగువ 196 డిగ్రీల వరకు చల్లార్చవలసి వచ్చుటచే ఆ కెమెరాలు బరువునకును వెలకును పేరుపడినవి. తుదకు 1980ల దశకమున హనీవెల్ సంస్థలో, అమెరికా సైన్యము ఇచ్చిన ధనముతో, లాంగ్లీ రేకే మరల జన్మించెను: వెనేడియమ్ ఆక్సైడు పూతగల సూక్ష్మఫలకములు, సన్నని కాళ్లపై సిలికానునకు తగులకుండ, శూన్యములో వ్రేలాడుచు, చల్లార్చుపని లేకయే వేడిమి నెరిగినవి. 1992 వరకు రహస్యముగ నుంచబడిన ఈ మైక్రోబొలోమీటరు, పిమ్మట లోకమునకు వెల్లడియైనది. నేటి సెన్సర్లలో అడ్డముగ 640, నిలువుగ 480 చొప్పున, 3,07,200 అట్టి ఫలకములు బొటనవ్రేలి గోరంత చోట ఒదిగియుండును.

1909లో వెలసిన భారతీయ విజ్ఞానసంస్థయు, 1940లో మొదలైన విమానకర్మాగారమును, 1954లో స్థాపితమై జాలహళ్లిలో పెరిగిన భారత్ ఎలక్ట్రానిక్సును, పీణ్యలోని చిన్నచిన్న యంత్రశాలలును ఒక్కచోట నుండుటచే బెంగళూరు ఈ విద్యకు అనువైన నేల యైనది. అచ్చట 2012లో, ప్రిన్స్‌టన్‌నందలి శార్నాఫ్ పరిశోధనసంస్థ భారతీయశాఖనుండి వెడలి, అరవింద్ లక్ష్మీకుమార్ నాయకత్వమున టోన్బో ఇమేజింగ్ అను చిన్న సంస్థ ఏర్పడి, తుపాకులపై అమర్చు థర్మల్ సైట్లను, చేతిలో ఇముడు రాత్రికెమెరాలను చేయసాగెను. టోన్బో యనగా జపాను భాషలో తూనీగ. తూనీగకన్ను 30,000 వరకు చిన్నకన్నుల కూడిక గనుక, లక్షల ఫలకముల కన్నును చేయువారికి అంతకంటె తగిన పేరు దొరకదు.

ఇట్టి శాలలలోని పని ఎంత ఓర్పుతో కూడినదో కొంచెము చెప్పవలెను. ఒకే సెన్సరునందలి ఫలకములైనను ఏ రెండును సరిగా ఒక్కతీరున నుండవు. ఒకే వేడిమిని ఒకటి ఎక్కువగను, ఒకటి తక్కువగను చూపును. కావున కెమెరాను సమానమైన వేడిమిగల నల్లని పలకయెదుట నిలిపి, ఒక ఉష్ణోగ్రతయందును, మరల వేరొకదానియందును ప్రతి ఫలకము తప్పును కొలిచి, మూడులక్షల దిద్దుబాట్లను దాని జ్ఞాపకములో వ్రాయుదురు. వాడుకలో సెన్సరు వేడెక్కి ఆ లెక్క చెదరును గనుక, అప్పుడప్పుడు కెమెరాలో టక్కుమని సన్నని శబ్దము వినబడును: చిన్న రేకొకటి సెన్సరుముందు వ్రాలి, ఒక్క క్షణము ఆ కన్నును మూసి, లెక్క సరిచేసి, మరల తెరచును. తుపాకి వెనుకతన్నునకు కటకము కదలరాదు. మంచుకొండపై బ్యాటరీ చావరాదు. ఎడారిమధ్యాహ్నమున, నేలయు మనిషియు సమానముగ కాగినవేళ సయితము, ఆ స్వల్పభేదమును పైకి తేవలెను.

ఇంత శ్రమకు పెట్టుబడి యెవరు పెట్టుదురు? కొనువాడు సైన్యమొక్కటియే, అది కొనునో లేదో తేలుటకు ఏండ్లు పట్టును. ఈ కష్టమును గుర్తించియే అమెరికా 1982లో, పెద్ద ప్రభుత్వశాఖల పరిశోధనధనములో కొంతభాగము చిన్నసంస్థలకు చెందవలెనని శాసనము చేసెను. మన దేశమున 2018 ఏప్రిలులో మొదలైన ఐడెక్స్ పథకము, సైన్యము తన సమస్యను చాటగా, పరిష్కారము చూపిన అంకురసంస్థకు మొదట 1.5 కోట్ల రూపాయల వరకు, సంస్థ పెట్టినదానికి జతగా, సహాయము చేయసాగెను. ఆలస్యముగ వచ్చినను ఇది సరియైన త్రోవ యని నా నిశ్చయము.

అయితే ఈ కన్ను వేడిమినే చూపును. ఆ వేడిమి చొరబాటుదారునిదో, మేకలను తోలుకొనివచ్చు కాపరిదో నిర్ణయింపవలసినది సైనికుని శిక్షితబుద్ధియే. అందుచేతనే, 1993లో హైదరాబాదున పుట్టి, సైనికులకు సిమ్యులేటర్లపై శిక్షణ నిచ్చు సాధనములను చేసిన జెన్ టెక్నాలజీస్ వంటి సంస్థల కృషియు ఈ కథలోనిదే. చూపును తీర్పును జతపడినప్పుడే ప్రాణములు నిలుచును.

మన తెలుగునేలపై ఈ కథకు మరింత పాతవేరు కలదు. 1926లో మచిలీపట్టణమున ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ యను పేరుతో విజ్ఞానశాస్త్రపు పరికరములను చేయుటకు మొదలైన సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ గైకొనగా, అది సైన్యమునకు రాత్రిచూపు సాధనములను చేయు కర్మాగారమైనది. 2025లో సమీపమున నిమ్మలూరునందు దానికి క్రొత్త కర్మాగారము తోడయ్యెను. ప్రయోగశాలల పరికరములనుండి సరిహద్దు కాపలాకన్ను వరకు నడచిన త్రోవ ఒక్కటియే. ఆ త్రోవకు మొదట కూర్చున్నది కొలతయం దలవడిన చేయి.

హెర్షెల్ ప్రయోగమునకు కావలసినవి ఎండ, పట్టకము, మసిపూసిన ఉష్ణమాపకము మాత్రమే. మన ఊరి ఉన్నత పాఠశాలలో ఏ ఉపాధ్యాయుడైనను కిటికీచెంత బల్లపై దీనిని చేయించి, ఎరుపు దాటిన చోట పాదరసము పైకెక్కుటను పిల్లలకు చూపించునుగాక. రేపటి రాత్రులకు కన్నులు చేయువారు ఆ బల్లచుట్టు నిలిచినవారిలోనుండియే వత్తురు.