ఆముదాలు పంపాలా, నూనె పంపాలా? కిరాయి లెక్క తేల్చేది పిండే

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఆముదాల వర్తకులకు ధర ఎంత ముఖ్యమో, లారీ కిరాయి కూడా అంతే ముఖ్యం. దేశంలో ఆముదాల ధర గుజరాత్‌లో తేలుతుంది. ఎన్.సి.డి.ఇ.ఎక్స్. వాయిదా వ్యాపారానికి ఆధార కేంద్రం డీసా. జడ్చర్ల (బాదేపల్లి) యార్డు నుంచి అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. సరుకు అక్కడికి చేరవలసిందైతే ఇక్కడి ధర చెప్పే ముందు కిరాయి, హమాలీ, గోతాలు, తరుగు మినహాయించక తప్పదు. ఆ మినహాయింపు చివరకు చల్కా భూముల రైతు మీదే పడుతుంది.

గింజలో నూనె సుమారు 47 శాతం. తక్కినదంతా పిండి, పొట్టు. అంటే గింజ పంపే వర్తకుడు సగానికి పైగా కిరాయి పిండికే కడుతున్నాడన్న మాట. కెనడాలోని క్యూబెక్‌లో మేపుల్ పానకం తీసేవారు సుమారు 40 లీటర్ల చెట్టు రసాన్ని తోటల వద్దనే కాచి 1 లీటరు పానకం చేసి, దానినే పీపాలలో రవాణా చేస్తారు. నీటికి కిరాయి కట్టరు. ఇక్కడా నూనె తీసి పంపితే చాలు గదా అని ఎవరికైనా తోస్తుంది.

లెక్క చూద్దాం. 20 టన్నుల ఆముదాల లారీ నుంచి ఎక్స్‌పెల్లరులో వచ్చే నూనె దాదాపు 8.4 టన్నులు. అంటే 20 టన్నుల నూనె ట్యాంకరు 2.4 లారీల గింజకు సమానం. ఖాళీగా తిరిగి రావడానికయ్యే ఖర్చుతో కలిపి ట్యాంకరు బాడుగ 2.4 లారీల కిరాయికి లోపు ఉంటే, రవాణా వరకు నూనెదే పైచేయి.

అయితే మెలిక ఇక్కడే ఉంది. ఎక్స్‌పెల్లరు పిండిలో ఇంకా 9 శాతం వరకు నూనె మిగులుతుంది. లారీ గింజకు ఇది సుమారు 1 టన్ను. ఆ ఒక్క టన్ను నూనె విలువ లారీ కిరాయిని మించిపోతుంది. పిండిని అలాగే ఎరువుగా అమ్మిన మిల్లుదారు కిరాయిలో మిగిల్చింది పిండిలో పోగొట్టుకుంటాడు. సాల్వెంట్ ప్లాంటుకు పంపితే ఆ నూనె చేతికి వస్తుంది, పిండిలోని నత్రజని చెక్కుచెదరదు. విషపదార్థం ఉన్నందున ఈ పిండి పశువులకు పనికిరాదు గాని, నల్లగొండ బత్తాయి తోటలకు మంచి ఎరువు.

నూనె రవాణాలో మరికొన్ని జాగ్రత్తలు తప్పవు. ఆముదం వేరుసెనగ నూనెకంటే పది రెట్లకు పైగా చిక్కన. చలి ఉదయాలలో ట్యాంకరు గోడలకు అంటుకుని పూర్తిగా దిగదు. వేడిచేసే గొట్టాలున్న ట్యాంకరు మేలు. అంతకుముందు ఏ సరుకు మోసిందో చూసి, కడిగించి, నింపేటప్పుడే నమూనా సీలు చేయించుకోవాలి. వేరే నూనె కొద్దిగా కలిసినా రకం దిగజారి ధరలో కోత పడుతుంది.

ఎగుమతికైతే 20 అడుగుల కంటైనరులో 210 లీటర్ల పీపాలు 80 పడతాయి. నూనె సుమారు 16 టన్నులు. అదే కంటైనరులో ఫ్లెక్సీట్యాంకు సంచి వేస్తే 21 టన్నుల వరకు పడుతుంది. కంటైనరు కిరాయి ఒకటే అయితే టన్నుకు దాదాపు పావు వంతు తగ్గుతుంది. సంచి ఖరీదు, పంపు ఖర్చు అందులోంచి తీసి చూసుకోవాలి.

అన్నింటికీ మించి ట్యాంకరు నిండాలి. దానికి దాదాపు 48 టన్నుల గింజ కావాలి. పత్తి విస్తరించి ఆముదం సాగు తగ్గిన ఈ ప్రాంతంలో ఒక్క అడ్తికి అంత సరుకు చేరడం కష్టం. నలుగురైదుగురు వర్తకులు సరుకు కలిపి ఒకే మిల్లులో ఆడించి, పిండిని సాల్వెంట్ ప్లాంటుకు కుదుర్చుకుంటే నూనె దారి గిట్టుబాటు కావచ్చు. పిండికి కొనుగోలుదారు కుదరనంతవరకు గింజను గింజగా పంపడమే క్షేమం.