బొంతకు బలం ఎక్కడిది?

ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన నూలు చీరను రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగితే పర్రుమని చిరుగుతుంది. అలాంటి చీరలే ఒకదాని మీద ఒకటి పరిచి వరసలుగా కుట్టిన బొంత మీద మాత్రం పెద్దవాళ్ళు పడుకుంటారు, పిల్లలు దొర్లుతారు, చాకిరేవు బండ మీద దాన్ని బాదుతారు. అయినా అది చాలా ఏళ్ళు నిలుస్తుంది. విడిగా నిలవని బట్ట కలిపి కుడితే ఎలా నిలుస్తుంది? ఆ సంగతి అర్థమైతే బొంత కుట్టడం సగం వచ్చినట్టే. ఎవరికైనా కానుకగా కుట్టి ఇవ్వాలనుకునేవాళ్ళకు ఇది మరీ అవసరం. ఇచ్చిన బొంత రెండో ఉతుక్కే చీలిపోతే తీసుకున్నవాళ్ళు ఆ మాట మనతో అనరు, మడిచి అటక మీద పెట్టేస్తారు.

ముందు బట్ట ఎలా చిరుగుతుందో చూద్దాం. ఎక్కడో ఒక పోగు తెగుతుంది. అది మోస్తున్న లాగుడు పక్క పోగు మీద పడుతుంది. అదీ తెగితే ఆ తర్వాతి పోగు. అలా చిరుగు సాగుతూ పోతుంది. బొంతలో ఆ చిరుగు సాగడానికి దారి ఉండదు. రెండు వేళ్ళ ఎడంలో కుట్టు వరస అడ్డం వస్తుంది, అక్కడ ఆ పొర మిగతా పొరలతో కట్టుబడి ఉంటుంది. పై పొరలో తెగిన పోగు మోయాల్సిన బరువును కింది పొరల పోగులు అందుకుంటాయి. కాబట్టి బొంత బలంలో చీర వాటా ఎంతో కుట్టు వాటా అంతకన్నా ఎక్కువ. మంచి చీరలు వేసి అరచేయంత ఎడంగా కుట్టిన బొంత కన్నా, నలిగిన చీరలు వేసి దగ్గర దగ్గరగా కుట్టింది ఎక్కువకాలం వస్తుంది.

చీర అంతటా ఒకేలా అరగదు. నేలకు రాసుకునే కింది అంచు, కుచ్చిళ్ళు దోపుకునే చోటు, కూర్చున్నప్పుడు ఒత్తుకునే భాగం ముందుగా పలచబడతాయి. లోపలికి దోపే కొస దాదాపు కొత్తదానిలా ఉంటుంది. భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన చోటు తప్పిస్తే పమిట కూడా గట్టిదే. అందుకని కత్తెర పట్టే ముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూడండి. వెలుతురు ఎక్కువగా దిగే చోట బట్ట పలచబడిందని అర్థం. మరీ జాలీలా ఉన్న భాగాన్ని కోసేయండి. కాస్త పలచబడిన భాగాన్ని వాడుకోవచ్చు, కానీ దాని పైన గానీ కింద గానీ వేరే చీరలోని గట్టి భాగం వచ్చేలా పరవాలి. పలచని చోట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ ఎంత కుట్టినా నిలవదు. కుట్టడంలో ఎంతో నేర్పున్నవాళ్ళు కూడా తొందరలో ఈ పొరలు పరిచే దగ్గరే పొరపడుతుంటారు. నాకైతే కుట్టు కన్నా ఈ పరవడంలోనే ఎక్కువ ఆలోచన ఉందనిపిస్తుంది.

ఇక లెక్క. మామూలు చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా 115 సెంటీమీటర్ల దాకా. పొడవును సగానికి మడిస్తే రెండు మీటర్ల 75 సెంటీమీటర్లు వస్తుంది. పాడైన భాగాలు తీసేసినా ఒక మనిషి పడుకునే బొంతకు ఒక చీరతో రెండు పొరలు వచ్చేస్తాయి. రెండు చీరలైతే నాలుగు పొరలు. కోస్తాలో చలికాలానికి ఇది చాలు. ఆదిలాబాద్ వైపో, అరకు వైపో ఉండేవాళ్ళకైతే మూడు చీరలతో ఆరు పొరలు వేయండి. డబుల్ కాట్ బొంతకు చీరను రెండు ముక్కలు చేసి పక్కపక్కన జోడించాలి. అప్పుడు చీరకు ఒక్క పొరే వస్తుంది గనక నాలుగు పొరలకు నాలుగు చీరలు కావాలి.

పొరలు పెరిగితే వెచ్చదనం ఎందుకు పెరుగుతుందంటే, పొరకూ పొరకూ మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. కదలని గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఆ గాలిని పట్టి ఉంచడానికి దళసరి బట్టే అక్కర్లేదు, పలచని మల్లు పంచెలు ఆరు కలిపినా ఆ పని చేస్తాయి. రజాయిలోనూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ గాలిని పట్టి ఉంచేది దూది. దూది ఏకి పరుపులూ రజాయిలూ కుట్టడం దూదేకులవారి పాత వృత్తి. ఆ దూది ఉతికితే ఉండలు కడుతుంది, మళ్ళీ విప్పి ఏకించాల్సి వస్తుంది. బొంతకు ఆ బాధ లేదు. పిల్లలున్న ఇంటికీ, మంచాన ఉన్న పెద్దవాళ్ళకూ రజాయి కన్నా బొంతే ఇవ్వమని నేను చెప్పేది అందుకే.

ఏ బట్ట పనికొస్తుందంటే నూలు, నూలు, మళ్ళీ నూలే. కొత్త బట్ట మీద నేతప్పుడు పెట్టిన గంజి ఉంటుంది, పోగులు బిర్రుగా ఉంటాయి. ఉతుకు మీద ఉతుకు పడితే గంజి పోయి, పోగులు వదులై, బట్ట మెత్తబడుతుంది. దుకాణంలో ఎంత డబ్బు పెట్టినా ఆ మెత్తదనం దొరకదు. పాలిస్టర్ చీరలు చెమట పీల్చవు, పొరల మధ్య జారిపోతాయి. పట్టుచీర చూడ్డానికి బావున్నా జరీ గుచ్చుకుంటుంది, ఉతుక్కు ఆగదు. కొత్త బట్ట కలపాలనుకుంటే ముందే ఒకసారి తడిపి ఆరేయండి. లేకపోతే బొంతయ్యాక అది కుదించుకుపోయి పాత బట్టను ముడతలు ముడతలుగా లాగేస్తుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం రంగుల మీద తడిపిన తెల్లగుడ్డ పెట్టి అదమండి. రంగు అంటితే ఆ చీర వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందంటారు గానీ, దాన్ని నమ్ముకుని తెల్ల పంచె పక్కన ఎర్రచీర వేయకండి.

కుట్టేటప్పుడు శుభ్రంగా తుడిచిన నేల కావాలి. కింది పొర పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టండి. బియ్యం డబ్బా, పొత్రం, ఏదైనా సరే. దాని మీద ఒక్కో పొరా వేసి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో రాస్తూ ముడతలు పోగొట్టాలి. తర్వాత జానెడు ఎడంలో పెద్ద పెద్ద టాకాలు వేసేయాలి. వీటిని చివర్లో లాగేస్తాం. టాకాలు బద్ధకించి వదిలేస్తే పొరలు జరిగి, ఆఖరికి అడుగు పొర ఒక పక్క బెత్తెడు బయటికి పొడుచుకొస్తుంది.

అసలు కుట్టు చాలా సాదాది. సూది పైకీ కిందికీ పోతూ వరస కడుతుంది, అంతే. సన్నసూది నాలుగు పొరల్లో వంగుతుంది, గోనెసంచులు కుట్టే దబ్బనం పెద్ద రంధ్రాలు చేస్తుంది. రెండింటికీ మధ్యరకం, పొడుగు సూది తీసుకోండి. దారం నూలుదే ఉండాలి. పాలిస్టర్ దారం చీర కన్నా గట్టిది, లాగుడు పడ్డప్పుడు దారం తెగదు, పాత బట్టను కోసుకుంటూ పోతుంది. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, బట్ట కోసుకుపోతే మాసిక వేయాల్సిందే. ముడిని పొరల మధ్యకు లాగి దాచండి, పడుకున్నవాళ్ళ ఒంటికి తగలదు. వరసకూ వరసకూ మూడు సెంటీమీటర్లు వదిలితే ఒక మనిషి బొంత పన్నాలో 38 వరసలు వస్తాయి. పొడవు రెండుంపావు మీటర్లనుకుంటే మొత్తం దాదాపు 85 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకు ఒక పోటు చొప్పున ఎనిమిదిన్నర వేల పోట్లు! ఊళ్ళలో ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట నలుగురు చేరి తలా ఒక వైపు పట్టుకుని కుట్టడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. కూలికి కుట్టేవాళ్ళు అడిగే డబ్బు దగ్గర బేరమాడేవాళ్ళు ఒక్కసారి ఈ లెక్క వేసుకోవాలి. మిషను మీద కుట్టాలంటే 16వ నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, నాలుగు పొరలకు మించకుండా చూసుకోండి. పని త్వరగా అవుతుంది, బొంత మాత్రం చేతికుట్టంత మెత్తగా రాదు.

పాత బట్టలతో ఇలా కుట్టుకునే అలవాటు దేశమంతటా ఉంది. కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బీహార్‌లో సుజని, బెంగాల్‌లో కాంథా. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే ఆఫ్రికా మూలాల సిద్దీ స్త్రీలు తమ కవందిని ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్కలు అతుకుతూ అంచుల వెంట తిరుగుతూ మధ్యకు చేరతారు. నాలుగు మూలలా చిన్న గుడ్డముక్కలు మడిచి పువ్వుల్లా కుడితేనే అది పూర్తయినట్టు. కాంథా కుట్టే బెంగాలీ ఆడవాళ్ళు పాత చీరల అంచుల్లోంచి రంగు దారాలు లాగి వాటితోనే కుట్టేవారు. కలకత్తా దగ్గర గురుసదయ్ మ్యూజియంలో ఉన్న కాంథాల్లో 19వ శతాబ్దపుది ఒకటి ఉంది. ఖుల్నాకు చెందిన మానదాసుందరి దాసి తన తండ్రి కోసం దాన్ని కుట్టింది. తన చేత్తో చేశానన్న సంగతీ, ఎవరికోసమన్న సంగతీ దారంతోనే అందులో రాసింది. పుట్టింటికి ఒక కూతురు పంపిన కానుక అది. ఆ కాలంలో బయటి లోకానికి పేరు తెలియని ఎందరో స్త్రీలలో ఈమె పేరు నిలబడిందంటే ఆ కుట్టు వల్లే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనుల్లో చిరిగిన ప్యాంట్లూ చొక్కాలతో బొంతలు కుట్టేవారు. వాళ్ళలో మిసోరి పెట్‌వే 1942లో, భర్త పోయాక, ఆయన పనిబట్టలతో ఒక బొంత కుట్టుకుంది. మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలిరంగు అందులో అలాగే కనిపిస్తుంది. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి, 2006లో వాటి బొమ్మలతో అక్కడ తపాలా బిళ్ళలు వచ్చాయి. మనవైపు కూడా పోయినవాళ్ళ చీరలతో, పంచెలతో మనవలకు బొంతలు కుట్టించేవాళ్ళున్నారు. అయితే పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని గట్టిగా నమ్మే కుటుంబాలూ ఉన్నాయి. ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా కుట్టి తీసుకెళ్ళకండి. ముందే అడగండి. అడిగితే వాళ్ళే పెట్టెలోంచి ఒక చీర తీసి ఇస్తారేమో కూడా.

ఎవరికి ఇస్తున్నామన్నదాన్ని బట్టి బొంత మారాలి. పురిటికి ఇచ్చేదైతే మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మూడు పొరలు చాలు. రంగు అద్దని పాత మల్లు పంచె పైకి రావాలి. పొత్తిగుడ్డలకు పాత పంచెలూ చీరలూ చింపి వాడే ఇళ్ళలో దీని గుణం చెప్పక్కర్లేదు. కుట్లు మాత్రం చిన్నవిగా, బిగుతుగా వేయాలి. పొడుగు కుట్లలో పసిబిడ్డ కాలివేలు ఇరుక్కుంటే దారం చుట్టుకుని రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. పూసలు, గుండీలు, జరీ అసలు వద్దు. ఏడాది నిండేదాకా నిద్రపోయే బిడ్డ మీద బొంత కప్పవద్దనీ, తలకింద దిండు పెట్టవద్దనీ పిల్లల డాక్టర్లు చెబుతారు. ఊపిరి అడ్డుకోవచ్చన్నదే వాళ్ళ భయం. కాబట్టి మెలకువగా ఉన్నప్పుడు ఆడించడానికి నేలమీద పరిచేందుకని చెప్పి ఇవ్వండి. ఆవాల దిండు కుట్టి ఇవ్వాలనుకునే అమ్మమ్మలకు ఈ మాట నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఆరు పొరల బొంత ఒకటి ఇచ్చే బదులు మూడు పొరలవి రెండు ఇవ్వండి. నీళ్ళు పీల్చిన బరువు బొంతను పిండి దండెం మీద వేయడం డెబ్బై ఏళ్ళ మనిషికి అయ్యే పని కాదు. పలచనివైతే బకెట్లో పడతాయి, చలిగా ఉన్న రాత్రి రెండూ కలిపి కప్పుకోవచ్చు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మల సూట్‌కేసుల్లో ఊరగాయలతో పాటు బొంత కూడా ఉంటుంది. పెట్టెకు 23 కిలోలే అనుమతి, నాలుగు చీరల బొంత రెండు కిలోలు సులువుగా తూగుతుంది, అది చూసుకుని కుట్టాలి. అక్కడ ఎండలో ఆరేసే వీలు తక్కువ, బట్టలు డ్రయ్యర్‌లో వేస్తారు. ఎక్కువ వేడికి నూలు కుదించుకుంటుంది. చల్లనీళ్ళలో ఉతికి, తక్కువ వేడి మీద ఆరబెట్టమని చెప్పడం మరవకండి.

మిగిలిన ముక్కలతో వేడిగిన్నెలు దించుకునే మసిగుడ్డలు, దిండు గలీబులు, కూరల సంచీలు కుట్టవచ్చు. మసిగుడ్డకు మాత్రం నూలే వాడాలి, పాలిస్టర్ పొయ్యి దగ్గర కరిగి చేతికి అంటుకుంటుంది.

వాడే బొంత ఎప్పుడో ఒకప్పుడు అరుగుతుంది. ముందు మెడ దగ్గర, కాళ్ళ దగ్గర పై పొర పోతుంది. అప్పుడు దాన్ని విప్పక్కర్లేదు. అంచుల్లో తెగిన కుట్లు సరిచేసి, పైన ఇంకో చీర పరిచి, పాత వరసల మధ్య ఖాళీల్లో కొత్త వరసలు కుట్టేస్తే సరి. పాత వరసల మీదే మళ్ళీ కుడితే ముందే ఉన్న రంధ్రాలు పెద్దవై బట్ట అక్కడే విడిపోతుంది. అందుకే కానుకగా ఇచ్చేటప్పుడు అదే నూలుదారం ఒక ఉండ, అదే చీర ముక్కలు రెండు మడిచి బొంతతో పాటు ఇవ్వండి, ఇంకో వరస ఎక్కడ కుట్టుకోవాలో వేలితో చూపించండి.