మొక్కజొన్న వేరుపురుగు – పాడి రైతులు గ్రహించవలసిన సంగతులు

మన సంఘాల సభ్యులలో చాలామంది పాడితో పాటు ఇంత దోస, బీర, గుమ్మడి పెడుతున్నారు. పశువుల మేతకు మొక్కజొన్న వేస్తున్నారు. పాదులు రెండాకుల మీద ఉండగానే నారింజ ఎరుపు పెంకు పురుగులు వాలి ఆకులను జల్లెడ చేయడం అందరికీ తెలిసినదే. ఇది గుమ్మడి పెంకు పురుగు. ఈ కుటుంబానికే చెందిన డయాబ్రోటికా అనే పురుగు అమెరికాలో మొక్కజొన్నకూ దోసకూ కూడా పెద్ద చేటు. దాని చరిత్రలో పాడి రైతుకు పనికివచ్చే పాఠం ఉన్నది కావున ఇక్కడ వివరిస్తున్నాము.

పురుగు జీవితం

పెంకు పురుగు సుమారు పావు అంగుళం ఉంటుంది. దోస పాదులపై వాలే రకాలు ఆకులు, పూలు కొరకడమే గాక, మొక్క వడలి చచ్చే తెగులును పాదు నుండి పాదుకు మోసుకుపోతాయి. మొక్కజొన్న రకం వేసవి చివర ఆ చేలోనే నేలలో గుడ్లు పెడుతుంది. గుడ్లు చలికాలమంతా నేలలో ఉండి, మరుసటి ఏడు పైరు వేసిన తరువాత పొదుగుతాయి. పిల్లపురుగులు వేళ్లను తింటాయి. వేరు పట్టు తప్పిన మొక్క గాలివానకు ఒరిగిపోతుంది.

విరుగుడు కూడా ఇందులోనే ఉన్నది. పిల్లపురుగు దూరం పోలేదు. సోయాచిక్కుడు వేరు మీద బ్రతకలేదు. కావున పంట మారిస్తే ఆకలికి చస్తుంది. ఏటా మొక్కజొన్న మీద మొక్కజొన్న వేసిన చోటనే ఇది బలిసింది. అయితే ఇల్లినాయ్ ప్రాంతంలో కొన్ని పురుగులు సోయాచిక్కుడు చేలలో కూడా గుడ్లు పెట్టడం అలవాటు చేసుకున్నాయి. ఒక్క ఉపాయాన్నే నమ్ముకొని ఉండరాదని దీని అర్థం. 1992లో ఈ పురుగు ఐరోపాలో బెల్‌గ్రేడ్ విమానాశ్రయం సమీపాన కూడా కనబడింది.

మందు, పాలు

అమెరికా రైతులు దీనికి ఆల్డ్రిన్, హెప్టాక్లోర్ మందులను నేలలో వేశారు. 1960 నాటికే నెబ్రాస్కాలో పురుగు వాటికి లొంగడం మానివేసింది. పురుగు మిగిలింది, మందు నేలలో మిగిలింది. ఈ మందులు కొవ్వులో కరుగుతాయి. మేత ద్వారా పశువు ఒంట్లో చేరి, వెన్నతో పాటు పాలలోకి దిగుతాయి. కాచినంత మాత్రాన పోవు.

1982లో హవాయి దీవులలో ఇదే జరిగింది. అక్కడ హెప్టాక్లోర్ చల్లినది మొక్కజొన్నకు కాదు, అనాస తోటలలో చీమలకు. ఆ అనాస ఆకును నరికి పాడి పశువులకు మేపారు. పాలలో మందు బయటపడి, ఓహు దీవిలో పాలను అంగళ్ల నుండి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఈ రెండు మందులూ తరువాత మన దేశంలో కూడా నిషేధింపబడినవి.

మన కర్తవ్యం

2018లో కర్ణాటకలో కత్తెర పురుగు కనబడినది మొదలు, మేత మొక్కజొన్నపై కూడా మందు చల్లే సభ్యులను మేము చూస్తున్నాము. ఇప్పటి మందులు వేరు. జాగ్రత్త మాత్రం అదే.

1. మందు చల్లిన చేలో, డబ్బా మీద రాసిన గడువు తీరేవరకు పచ్చిమేత కోయరాదు, పశువులను తోలరాదు. గట్ల మీది గడ్డికి కూడా ఇదే వర్తిస్తుంది.

2. ధాన్యపు పంటకు మందు చల్లిన చొప్పను మేపే ముందు వ్యవసాయాధికారిని అడగవలెను.

3. మేత మొక్కజొన్న తరువాత అదే చేలో అలసంద వంటి పప్పుజాతి మేత వేయవలెను. పశువుకు మాంసకృత్తులు కూడా దక్కుతాయి.

4. పాదులపై పెంకు పురుగులు తెల్లవారుజామున మందకొడిగా ఉంటాయి. అప్పుడు ఏరి కిరసనాయిలు నీళ్లలో వేయవచ్చును. పంట తీసిన వెంటనే దున్నితే నేలలోని పిల్లపురుగులు పైకి వచ్చి ఎండకు, పక్షులకు బలి అవుతాయి.

సంఘంలో మనం చేసే వెన్న పరీక్షలో గాని, లాక్టోమీటరులో గాని పురుగుమందు తెలియదు. ఒక సభ్యుడు తెచ్చిన పాలు అందరి పాలలో కలుస్తాయి. అవి మన పిల్లలు త్రాగే పాలు కూడా. కావున చేలో మందు చల్లిన సభ్యుడు ఆ సంగతిని ఇంట్లో మేత కోసేవారికి అదే రోజున చెప్పవలెనని కోరుతున్నాము.