తాతల నాటి వెండి రూపాయి ఉందా? చింతపండుతో తోమారో.. విలువ పోయినట్టే!

నెల్లూరు జిల్లా సంగం వద్ద పెన్నాపై బ్రిటిష్ వాళ్లు ఆనకట్ట కట్టింది 19వ శతాబ్దం చివర్లో. అప్పట్లో జనం చేతుల్లో తిరిగింది విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి. ఇప్పుడు అక్కడ కొత్త బ్యారేజీ వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది కూడా. ఆ పాత రూపాయలు మాత్రం పల్లెల్లో ట్రంకు పెట్టెల్లో, పూజ గదుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. వెండి ధర పెరిగిందంటే చాలు, కొందరు వాటిని తూకానికి అమ్మేస్తారు. మరికొందరేమో లక్షలు వస్తాయని ఆశపడతారు. నిజానికి ధర తేల్చేవి రెండు. ఒకటి నాణెంపై ఉన్న ఏడాది, రెండోది నాణెం కండిషన్. అదెలా చూడాలంటే..

అసలు అది వెండేనా?

1835 నుంచి 1939 వరకు వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే పాత లెక్కలో సరిగ్గా తులం. అందులో వెండి 91.7 శాతం, దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు బరువు అంతే ఉన్నా వెండిని సగానికి తగ్గించారు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని చాలామంది వెండి అనుకుంటారు. అది నికెల్. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. వెండి అంటుకోదు. బాగా అరిగిన రూపాయి కొద్దిగా తేలికవుతుంది. అరుగుదల లేకుండానే బరువు బాగా తక్కువుంటే మాత్రం నకిలీ అని అనుమానించాల్సిందే. అంచు చుట్టూ ఉండే సన్న గీతలు సమంగా లేకపోయినా, అంచు మీద అతుకు కనిపించినా అదే అనుమానం.

అరుగుదల ఎక్కడ చూడాలి?

నాణెంపై ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి. విక్టోరియా రూపాయిలో కిరీటంలోని రాళ్లు, చెవి పైన జుట్టు, భుజం దగ్గర దుస్తులపై పూల పని చూడాలి. ఏడో ఎడ్వర్డ్ అయితే జుట్టు, గడ్డం. ఐదో జార్జ్ అయితే కిరీటం, చెవి, మెడలోని హారం. వెనక వైపు పూల తీగలో ఆకుల ఈనెలు కనిపిస్తున్నాయా అన్నదీ ముఖ్యమే. పగటి వెలుతురులో భూతద్దం పెట్టి, నాణేన్ని కొంచెం వాల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

గ్రేడ్లు ఇవీ..

ఆకారం, అక్షరాలు తెలుస్తున్నా లోపలి పనితనం చాలావరకు పోతే 'ఫైన్'. పెద్ద వివరాలన్నీ ఉండి, ఎత్తు భాగాలు మాత్రం నునుపైతే 'వెరీ ఫైన్'. కొనల్లోనే కాస్త అరిగితే 'ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్'. చలామణిలో అరగనే అరగకపోతే 'అన్‌సర్క్యులేటెడ్'. వీటికి అంకెలు కూడా ఇస్తారు. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో తెచ్చిన 70 పాయింట్ల స్కేలే దీనికి ఆధారం. 60 నుంచి 70 వరకు ఉన్నవి అరగని నాణేలు.

తోమితే ఏమవుతుంది?

వెండిపై ఏళ్ల తరబడి ఏర్పడే నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడే పొర అది. చింతపండు, బూడిద, టూత్‌పేస్ట్‌తో తోమితే ఆ పొరతో పాటు పై మెరుపు కూడా పోయి సన్న గీతలు పడతాయి. అవి మళ్లీ పోవు. అరుగుదల లేకపోయినా, తోమిన నాణేనికి గ్రేడింగ్ సంస్థలు మామూలు గ్రేడ్ ఇవ్వవు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించినా, రంధ్రం చేసినా అంతే.

ఈ తేడాకు నెల్లూరులోనే పాత ఉదాహరణ ఉంది. 1780ల్లో ఓ రైతు దున్నుతుంటే కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. కొన్ని టంకశాల నుంచి నిన్ననే వచ్చినంత కొత్తగా ఉన్నాయని, కొన్ని అరిగిపోయి, ఆభరణాల కోసం కాబోలు రంధ్రాలు పడి ఉన్నాయని మద్రాస్ గవర్నర్‌గా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాశారు. చాలా నాణేలు అప్పటికే కరిగిపోయాయి.

పాతదైతే చాలదు

1862 అని ఉంటే అరుదని అనుకోవద్దు. ఆ ఏడాది ముద్రతోనే తర్వాత చాలా ఏళ్లు రూపాయలు వేశారు. 1918, 1919, 1920 రూపాయలు కూడా కోట్లలో వచ్చాయి. 1939 రూపాయి మాత్రం అరుదు. 1911 జార్జ్ రూపాయికీ గిరాకీ ఉంది. రాజు దుస్తులపై ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ కావడంతో మరుసటి ఏడాదే డిజైన్ మార్చారు. అరుదైనవి కాబట్టే ఈ రెండింటికీ నకిలీలు తయారవుతున్నాయి. సాధారణ ఏడాది నాణెం అరిగి ఉంటే వెండి ధర కంటే పెద్దగా ఎక్కువ రాదు. అదే ఏడాదిది అరగకుండా ఉంటే సేకర్తలు ఎక్కువ పెడతారు.

ఇవి మర్చిపోవద్దు

పాత నాణేలు కొంటామంటూ ముందు కమీషన్, పన్ను కట్టమంటే అది మోసమే. తన పేరు వాడుకుని ఇలా అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. భూమిలో నిధిగా దొరికితే సంగతి వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు తెలపాల్సిందే. ఇంట్లో ఉన్న నాణేన్ని మాత్రం అంచులతో పట్టుకోండి, దేనికదే కాగితం కవర్లో పెట్టండి. అమ్మే ముందు ఇద్దరు ముగ్గురికి చూపించండి. కరిగించాక మాత్రం ఏ గ్రేడూ ఉండదు.